ఫ్యాను తిరిగేలోపు

ఆ ఇంట్లో అక్కా తమ్ముడూ మాట్లాడుకోక ఆరేళ్ళయింది. అలాగని మాటలు ఆగిపోయాయనుకుంటే పొరపాటే. వాళ్ళమ్మ మీదుగా లక్షణంగా నడుస్తూనే ఉన్నాయి. "వాడితో చెప్పమ్మా" అంటుంది పెద్దది. "ఆవిడగారికి చెప్పమ్మా" అంటాడు చిన్నోడు. చిన్నోడి కాపురం వేరే ఇంట్లో అయినా, అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరూ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంటారు, ఇద్దరి చెవులూ శుభ్రంగా పనిచేస్తాయి, అయినా సరే మధ్యలో అమ్మ ఉండాల్సిందే. పాపం ఆవిడ ఆ మాటల్ని చేరవేసేటప్పుడు ముళ్ళు ఏరి చేరవేసేది. "వాడి బుద్ధి ఏ గడ్డి తింటోందో అడుగు" అని పెద్దది అంటే, "అక్క కాస్త చూసి చెయ్యమంటోందిరా" అనేది. అసలు మాట అప్పటికే వాడి చెవిలో పడి ఉండేది. ముళ్ళు ఏరడం మాత్రం ఆవిడ మానలేదు.

గొడవ మొదలైంది పనిముట్ల పెట్టె దగ్గర. నాన్న పోయిన నెలలోనే చిన్నోడు ఆయన పానాలూ సుత్తులూ అన్నీ కలిపి తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. ఎవర్నీ అడగలేదు. పెద్దదానికి తెలియగానే నేరుగా వాడి ఇంటికి వెళ్ళి, వాడి అత్తమామలు చూస్తుండగా చెంప ఛెళ్ళుమనిపించి వచ్చింది. తప్పెవరిదంటే ఇద్దరిదీనూ. ఆ ముక్క ఆ ఇంట్లో పైకి అనగలిగిన మొనగాడు మాత్రం పుట్టలేదు.

పెట్టె పోయింది, కారు మిగిలింది. నాన్న కొన్న ఆకుపచ్చ కారు, పెద్దదానికన్నా వయసులో పెద్దది. దాని ఇంజను విప్పడం, బిగించడం నాన్న పెద్దదానికే నేర్పాడు. చిన్నోడికి ఇంజన్లంటే గిట్టదు, కరెంటు పని ఇష్టం. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే పని చేస్తాడు. జుట్టంత సన్నటి తీగను వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని చుట్టమన్నా చుట్టగలడు. ఆ వీధిలో వాడి చేతికి మంచి పేరుంది. లేనిది సొంత షాపే. అందుకే కారు అమ్మేసి వాటా ఇవ్వమంటాడు. పెద్దది ప్రాణం పోయినా అమ్మనంటుంది.

ఈలోగా పాతకాలం కథేదో తీస్తున్న సినిమావాళ్ళు కారును చూసి ముచ్చటపడ్డారు. ఏడాదంతా అద్దెకు తీసుకుంటామన్నారు. వాళ్ళ షరతు ఒక్కటే, కెమెరా ముందు అరగంట సేపు నత్తనడక నడిచినా బండి పొగలు కక్కకూడదు. ఆ కారుకు చేతకానిది సరిగ్గా అదే. దాని ఫ్యాను ఇంజనుతోపాటే తిరుగుతుంది. ఇంజను మెల్లగా ఉంటే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది, రేడియేటర్‌లో నీళ్ళు కుతకుతలాడతాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఎన్నిసార్లు బానెట్ ఎత్తి నీళ్ళు పోసిందో పెద్దదానికే తెలుసు.

చివరికి అమ్మ ద్వారానే ఒప్పందం కుదిరింది. కరెంటు ఫ్యాను బిగించి పెరట్లో అరగంట ఇంజను నడపాలి. మీటరు సూది ఎర్రగీత దాటకపోతే కారు పెద్దదానిది, చిన్నోడు ఇక వాటా మాట ఎత్తడు. దాటితే కారు అమ్మకానికి వెళ్తుంది, పెద్దది నోరెత్తదు. కరెంటు పని చిన్నోడే చెయ్యాలి.

"వాడు కావాలనే చెడగొడతాడు" అంది పెద్దది.

"చెడగొట్టి గెలవాల్సిన ఖర్మ నాకు లేదని చెప్పమ్మా" అన్నాడు చిన్నోడు. "నా చేత్తో పెట్టిన ఫ్యాను తిరిగి తీరుతుంది. అయినా ఆ డొక్కు బండి పొంగి తీరుతుంది. అప్పుడుగానీ ఆవిడగారికి జ్ఞానోదయం కాదు."

ఫ్యానును పెద్దదే తెచ్చింది. ఊరి చివర తుక్కు బండ్ల కొట్టులో, వెనకనుంచి నుజ్జయిపోయిన ఓ చిన్న కారు ముందు భాగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే, కొట్టాయనతో గంట సేపు గొడవపడి, ఫ్యానును దాని ప్లాస్టిక్ చట్రంతో, వైర్లతో సహా ఊడబెరుక్కుని వచ్చింది. చిన్నోడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. బేరింగు బాగుంది, రెక్కలు బాగున్నాయి. బాగుందని నోటితో ఒప్పుకుంటే చిన్నోడెలా అవుతాడు?

"ఇంతకన్నా చెత్తది దొరకలేదా అని అడుగమ్మా."

"ఫ్యాను బానే ఉన్నట్టుందే అంటున్నాడు" అంది అమ్మ, పెరట్లో కారు షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటూ.

పొద్దున్నే పని మొదలైంది. పెద్దది రేడియేటర్ ఊడదీసి, ఇంజను ముందున్న పాత ఇనప ఫ్యాను విప్పి పక్కన పెట్టి, రేడియేటర్‌ను మళ్ళీ తగిలించింది. ఇద్దరూ చెరో వైపు వంగి కొత్త ఫ్యాను చట్రాన్ని రేడియేటర్ వెనక ఆనించారు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి. చెయ్యికీ చెయ్యికీ తగులుతుంటే ఇద్దరూ నిప్పు తగిలినట్టు లాక్కునేవారు. "కాస్త పైకెత్తమను." "ఎత్తానని చెప్పు." "ఇంకా ఎత్తమను." "ఇంకా ఎత్తితే నీళ్ళ గొట్టం ఊడుతుంది, కళ్ళు కనబడటం లేదా అని అడుగు." అమ్మకు గొంతు ఎండిపోయి మధ్యలో మంచినీళ్ళు తెచ్చుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళొచ్చేదాకా ఇద్దరూ చట్రాన్ని అలాగే మోస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, కిక్కురుమనకుండా నిలబడ్డారు. జబ్బలు వణుకుతున్నా ఎవరూ దించుదామనలేదు.

వైర్ల దగ్గర అసలు యుద్ధం జరిగింది. రేడియేటర్ కింద ఒక చిన్న స్విచ్చు పెట్టారు. నీళ్ళు బాగా వేడెక్కగానే అది తనంతట తానే ఫ్యానును వేస్తుంది, చల్లబడగానే ఆపుతుంది. ఆ స్విచ్చుకు కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్నదే తగువు.

"తాళం ద్వారా ఇస్తానని చెప్పమ్మా. తాళం తిప్పి కారు ఆపేస్తే ఫ్యాను కూడా చచ్చినట్టు ఆగుతుంది. అదే క్షేమం."

పెద్దదానికి అనుమానం వచ్చింది. తాళం దగ్గర ఓ వైరు వదులుగా వదిలేస్తే చాలు, ఫ్యాను సరైన టైముకి తిరగదు, సూది ఎర్రగీత దాటుతుంది. వాడి ఎత్తు ఇదేనన్నమాట.

"కుదరదని చెప్పు. నేరుగా బ్యాటరీ నుంచే ఇవ్వమను. ఇంజను ఆపాక కూడా ఫ్యాను తిరిగితేనే నీళ్ళు చల్లబడతాయి."

"అలా ఇస్తే కారు ఆపి ఉన్నప్పుడు కూడా ఉన్నట్టుండి తిరుగుతుంది. అది తెలిసే అంటోందా అని అడుగు."

"తెలిసే అంటున్నా. తాళం సంగతి నా దగ్గర చెప్పొద్దను. వాడి వేషాలు నాకు తెలుసు."

చిన్నోడి మొహం మాడిపోయింది. పనిలో మోసం చేస్తాడని వాణ్ణి ఎవరూ ఎన్నడూ అనలేదు. పళ్ళు బిగించి బ్యాటరీ నుంచే వైరు లాగాడు. పెద్దది వెనకే నిలబడి ప్రతి ముడినీ వేలితో లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు. ఊడకపోవడం కూడా ఆమెకు నచ్చలేదు.

నీళ్ళు నింపి ఇంజను స్టార్ట్ చేశారు. చిన్నోడు వాచీ చూసుకున్నాడు. పెద్దది డ్రైవరు సీట్లో కూర్చుని మీటరు మీద చూపు నిలిపింది. అది పాతకాలపు మీటరు, ఇంజనులోంచి వచ్చే సన్నటి గొట్టంతో నడుస్తుంది. తాళం వేసినా తీసినా సూది చూపించాల్సింది చూపిస్తూనే ఉంటుంది. సూది పైకి పాకింది. ఎర్రగీతకు ఇంకా కాస్త దూరం ఉందనగా బానెట్ కింద ఫ్యాను గిర్రున లేచింది. సూది ఆగి, కాసేపు తటపటాయించి కిందికి దిగింది. ఫ్యాను ఆగింది. మళ్ళీ పాకింది, మళ్ళీ ఫ్యాను తిరిగింది, మళ్ళీ దిగింది. అరగంటా అదే వరస. చివరికొచ్చేసరికి పెద్దదానికి నవ్వు ఆగలేదు.

"టైము అయిందేమో అడుగమ్మా వాణ్ణి."

"అయింది" అన్నాడు చిన్నోడు గోడ వైపు చూస్తూ.

"కారు ఎవరిదో కూడా చెప్పమను. వాడి నోటితో వినాలనుంది."

అమ్మ ఈ మాటలో ఏరడానికి ముళ్ళు తప్ప ఇంకేమీ లేవని చూసి ఊరుకుంది. కారు అమ్మితే వస్తుందనుకున్న షాపు చిన్నోడి చేతిలోంచి జారిపోయింది. ఆరేళ్ళ కిందటి చెంపదెబ్బ తర్వాత ఇది రెండోది. పెద్దది మహారాణిలా చెయ్యి చాపి ఇంజను ఆపింది. అప్పటికి ఫ్యాను కూడా ఆగి ఉంది. పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

చిన్నోడు పానా జేబులో పెట్టుకుని వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఫ్యాను పక్కన ఒక వైరు రెక్కలకు మరీ దగ్గరగా వేలాడుతోంది. రేపో మాపో రెక్క తగిలి తెగుతుంది. ఓడిపోయినా సరే, వంకర పని వదిలేసి పోవడం వాడికి చేతకాదు.

"ఒక వైరు సర్ది పోతానని చెప్పమ్మా" అని బానెట్ కిందికి వంగాడు.

పెద్దది సీట్లో వెనక్కి వాలి స్టీరింగు నిమురుతోంది. ఎత్తిన బానెట్‌కీ అద్దానికీ మధ్యనున్న సందులోంచి వాడి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఎడం చెయ్యి చట్రం అంచును పట్టుకుని ఉంది. కుడి చేతి వేళ్ళు రెక్కల మధ్యనుంచి వైరు కోసం వెతుకుతున్నాయి. ఆమె చూపు యథాలాపంగా మీటరు మీదికి మళ్ళింది. సూది పైకి పాకుతోంది. పొయ్యి కట్టేశాక కూడా గిన్నె కాసేపు కాగుతుంది కదా, అలా ఆగిన ఇంజను వేడంతా నీళ్ళలోకి దిగుతోంది. అరగంటలో ఎన్నిసార్లు చూసిందో, ఫ్యాను ఏ గీత దగ్గర లేస్తుందో ఆమెకు తెలుసు. సూది ఆ గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

నోరు తెరిచింది. ఆరేళ్ళుగా ఆ నోరు ఎటు తిరగడం నేర్చుకుందో అటే తిరిగింది. గుమ్మం వైపు, ప్లాస్టిక్ కుర్చీ వైపు.

"అమ్మా, వాణ్ణి చెయ్యి తియ్యమని చె..."

ఫ్యాను లేచింది.

ఆ తర్వాత పెద్దది ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. బ్యాటరీ వైరు పీకింది. తన చున్నీ వాడి చేతికి చుట్టింది. "చిన్నోడా, చిన్నోడా" అని అరుస్తూనే ఉంది. అంబులెన్సు కోసం ఆగలేదు. వైరు మళ్ళీ తగిలించి, అమ్మనీ వాణ్ణీ వెనక సీట్లో కూర్చోబెట్టి అదే కారులో బయల్దేరింది. రోడ్డు మీద ట్రాఫిక్కు అడుగు కదలడం లేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజను నిలబడి కాగుతుంటే ఫ్యాను లేచేది, చల్లబరిచేది, ఆగేది. బండి ఒక్కసారి కూడా పొంగలేదు. ఆ ఫ్యాను చప్పుడు వినబడినప్పుడల్లా వెనక సీట్లో వాడు ఉలిక్కిపడుతున్నాడని ఆమెకు అద్దంలో కనిపిస్తోంది.

"నొప్పి ఎక్కువగా ఉందా?" అని అడిగింది. నేరుగా వాణ్ణే అడిగింది. వాడు కిటికీ వైపు తిరిగాడు. అమ్మ వాడి వైపూ, అద్దం వైపూ చూసి తల దించుకుంది.

ఆసుపత్రిలో చాలాసేపు కూర్చోబెట్టారు. డాక్టరు బయటికొచ్చి, చూపుడు వేలు సగానికి పోయిందనీ, మధ్య వేలు కుట్టాం గానీ మునుపటిలా వంగకపోవచ్చనీ చెప్పాడు. ఏం పని చేస్తాడని అడిగాడు. అమ్మ చెప్పింది. డాక్టరు ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

లోపల వాడు దిండుకు ఆనుకుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని కాచుకుంటున్నాడు. అమ్మ అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యనున్న స్టూలు మీద కూర్చుంది. పెద్దది మంచం చివర నిలబడి, ఏదైనా తిట్టు వస్తుందని ఎదురుచూసింది. తిడితే బాగుండనిపించింది. కారు నువ్వే తీసుకోరా అనబోయి, ఆ మాట ఎంత సిగ్గుమాలినదో తనకే తెలిసి ఆగిపోయింది.

"ఆవిడగారికి..." అని మొదలుపెట్టాడు చిన్నోడు. అమ్మ వాడి వైపు వంగింది. వాడు తల అడ్డంగా ఊపి, అమ్మ భుజం మీదుగా పెద్దదాని కళ్ళలోకి చూశాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

"అది తిరగబోతోందని నీకు తెలుసు కదక్కా?"

"తెలుసు" అంది పెద్దది.

"ఒక్క మాట. చెయ్యి తియ్‌రా అంటే సరిపోయేది."

చిన్నోడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఇద్దర్నీ చూసి స్టూలు మీంచి లేచింది, చేరవేయడానికి ఇక ఏమీ మిగల్లేదు గనక నెమ్మదిగా గది బయటికి నడిచింది.