దొరగారి ఒంటేలు

కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టిన పెళ్ళి గౌను మీద దొర ఒంటేలు పోశాడు. దొర అంటే ఆ దర్జీ ఇంటి గండుపిల్లి. పుట్టి బుద్ధెరిగాక ఇసుక తొట్టి దాటని మర్యాదస్తుడు.

సంచిలో వేసి ఎక్కడైనా వదిలిపెట్టి రమ్మంది అత్తగారు. ఇంట్లో కుట్టుపని కోడలిది. ఆమెకూ ఒళ్ళు మండింది కానీ, గౌను ఉతుకుతూ మరక చూసి ఆగిపోయింది. నాలుగంటే నాలుగు చుక్కలు. లేత ఎరుపు.

వెళ్ళి చూస్తే దొర తొట్టిలో కూర్చుని ముక్కుతున్నాడు. కాస్త లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఇసుక మాత్రం పొడిగానే ఉంది. అత్తగారు మలబద్ధకమని తేల్చేసి, ఆముదం పట్టమంది. కోడలికీ అది నమ్మాలనే ఉంది. గౌను సాయంత్రానికి ఇవ్వాలి మరి. కానీ పొట్ట తడిమితే గట్టిగా నిమ్మకాయంత ముద్ద తగిలింది. ఎన్నడూ లేనిది దొర కరిచాడు.

"అత్తయ్యా, గౌనుకోసం వస్తే ఆలస్యమవుతుందని చెప్పండి."

"నన్ను తిట్లు తినమంటావా?"

"నేనొచ్చి నా వాటా తింటాను. వీడు పోతే మళ్ళీ రాడు."

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేయగానే మూత్రం దారి మూసుకుపోయిందంది. గండుపిల్లులకు ఆ దారి బాగా సన్నమట. ఇసుకలాంటి పలుకులు అడ్డుపడతాయట. ఆముదం పట్టి రేపటిదాకా కూర్చుని ఉంటే ప్రాణం దక్కేది కాదంది. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసింది. మూత్రం సంచిలోకి దిగుతుంటే కోడలు గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. ఒంట్లోకి నీళ్ళు బాగా పోవాలి, డాక్టరమ్మ చెప్పిన తడి తిండే పెట్టాలి, పస్తు మాత్రం ఉంచకూడదు. దొర ఆ తిండిని వాసన చూసి, పాతిపెడుతున్నట్టు నేల గీకి, తోకెత్తుకుని వెళ్ళిపోయాడు. కోడలు వదల్లేదు. పాత మేతలోనే చెంచాడు కలిపింది. అది తిన్నాక ఇంకో చెంచాడు. గోరువెచ్చగా చేసి పెట్టింది. గదికో నీళ్ళగిన్నె పెట్టింది. తొట్టిని మిషను చప్పుడుకు దూరంగా జరిపింది. తన మోకాళ్ళ నొప్పులకు ఇందులో సగం సేవ జరిగినా పరుగెత్తేదాన్నని అత్తగారు సణిగింది.

నెల తిరక్కుండానే, కోడలు ఎవరికో కొలతలు తీస్తుండగా, అత్తగారు దొరను తువ్వాల్లో చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మళ్ళీ ముక్కుతున్నాడు. టేపు అక్కడ పెట్టి పద."

ఈసారి దారి పూర్తిగా మూసుకుపోలేదు. మందులతో సరిపోయింది. తొందరగా తెచ్చినందుకు డాక్టరమ్మ మెచ్చుకుని, ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ రావచ్చని దాచకుండా చెప్పింది.

"రానివ్వండి," అంది కోడలు దొరను ఎత్తుకుంటూ. "మేమూ వస్తాం."

అత్తగారు అప్పటికే ఆ మందు తిండికి ముందు పట్టాలో తర్వాత పట్టాలో కాంపౌండరును అడుగుతోంది.