రెండు చుట్ల మేస్త్రీ

పళ్ళచక్రాన్ని కిరసనాయిల్లో మూడోసారి ముంచి, పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో పన్నూ తోముతున్నాడు మేస్త్రీ. సొంత పళ్ళు ఇంత శ్రద్ధగా తోముకుని ఉంటే ఈ వయసుకి సగం ఊడేవి కావు.

చక్రం అరచేయంత ఉంటుంది. కామ్‌షాఫ్ట్ కొసన కూర్చుని, గొలుసు లాగినకొద్దీ తిరుగుతూ, వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో చెబుతుంది. గొలుసు నాలుగు పళ్ళు జారిందంటే పిస్టన్లు పైకొచ్చి వాల్వులని గుద్దేస్తాయి. అందుకే గొలుసు ఎక్కించాక, తాళం తిప్పేముందు, స్పానరు పెట్టి ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క బండికీ మానలేదు. షెడ్డులో అతని పేరే రెండుచుట్లు.

ఆ చుట్లు అయ్యేదాకా స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. అది ఉన్నంతసేపూ తాళం ఎవరూ ముట్టకూడదు. పాత ఓనరు పెట్టిన నియమం అది. చిరిగిన దుప్పటి ముక్కకి మేస్త్రీ భార్య నాలుగువైపులా అంచు మడిచి కుట్టి ఇచ్చింది. గుడ్డపీలికకి ఇన్ని సోకులా అని అందరూ ఏడిపించారు. "పోగులూడి ఇంజన్లో పడకూడదని కుట్టిందిరా, మీకేం తెలుసు!" అని అప్పట్లో తెగ మురిసిపోయాడు.

పాత ఓనరు పోయాక షెడ్డు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. అతనికి అన్నీ తొందరే. మూడు వారాల కింద ఇదే కారుకి గొలుసు ఎక్కించి, గొలుసుని బిగించి ఉంచే టెన్షనరుని ఇంకా వదలకుండానే మేస్త్రీ భోజనానికి లేచాడు. గుడ్డ కట్టే వెళ్ళాడు. అల్లుడు ఆ గుడ్డ విప్పి పక్క సీట్లో పడేసి తాళం తిప్పాడు. వదులు గొలుసు జారింది. లోపల్నించి వచ్చిన చప్పుడు మేస్త్రీకి క్యారేజీ దగ్గరే వినబడింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం కారు తాలూకు టీచరమ్మ వచ్చింది. అప్పటికి మేస్త్రీ ఇంకో వ్యాను కింద పడుకుని ఉన్నాడు.

"మా మేస్త్రీకి చూపు ఆనడం లేదండీ. పెద్దవాడు కదా అని ఉంచుకుంటే ఇదిగో, ఇలా అయింది," అని అల్లుడు వ్యాను కింద కనబడుతున్న రెండు కాళ్ళవైపు చెయ్యి చూపించాడు.

ఆ కాళ్ళు కదల్లేదు. ఎందుకు లేచి రాలేదో మేస్త్రీకే తెలియదు. ఆ రోజు నుంచీ తనని తాను తిట్టుకోని పూట లేదు. వంగిన వాల్వులు కొత్తవి వచ్చి, హెడ్డు పని ముగిసేసరికి అల్లుడు చల్లగా చెప్పాడు: "ఈ కారు బిగించి ఇచ్చెయ్, మేస్త్రీ. ఆ తర్వాత ఇంటి దగ్గర హాయిగా ఉండు."

ఈ ఉదయం భార్య క్యారేజీ అందిస్తూ అంది: "ఉద్యోగం పోతే పోయింది. ఆ టీచరమ్మ వస్తుందిగా, ఆ పని చేసింది నేను కాదని ఒక్క మాట చెప్పెయ్యండి. గుడ్డి మేస్త్రీ అన్న పేరు మోసుకుని మాత్రం ఇంటికి రాకండి."

మేస్త్రీ ఒకటో పిస్టన్ని పైకి తెచ్చాడు. కింది చక్రానికి గొలుసు తగిలించి పైకి లాగి, తోమిన చక్రాన్ని దానిలో కూర్చోబెట్టి, కామ్‌షాఫ్ట్ కొసన ఎక్కించాడు. చక్రం మీది చుక్క ఇంజన్ మీది గాటుకి ఎదురుగా నిలిచింది. బోల్టు బిగించి టెన్షనరు పిన్ను లాగితే గొలుసు టక్కుమని బిగిసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చాలక వేలి కొసతో తడిమాడు. చూపు తగ్గిందన్నది అబద్ధమని అతనికి తెలుసు. కానీ మూడు వారాలుగా వినీ వినీ అతనికే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం తలుచుకుంటే అల్లుడి మీద కంటే తన మీదే ఒళ్ళు మండింది.

స్పానరు పెట్టి తిప్పాడు. "అమ్మా, ఆ రోజు తాళం తిప్పింది నేను కాదు," అని లోపల అనుకుంటూ ఒక చుట్టు. అదే మాట అనుకుంటూ రెండో చుట్టు. గుర్తులు సరిగ్గా వచ్చి నిలిచాయి. జీవితంలో మొదటిసారి, ఇంకో రెండు చుట్లు తిప్పాడు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. ఎర్రగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని మేస్త్రీ పక్కకి నిలబడ్డాడు. అల్లుడు తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుని మెత్తగా నడిచింది. ఆవిడ ముఖం తేటబడింది.

"ఆ చూపు ఆనని ఆయన ఏరీ?" అని అడిగింది.

"మాన్పించేశానండీ," అన్నాడు అల్లుడు, మేస్త్రీ వైపు చూడకుండా.

"మంచి పని చేశారు." ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది. ఆ రోజు ఆవిడ చూసింది కాళ్ళనే. "మీరు చాలా బాగా చేశారండీ. మొదటే మీ చేతికి ఇచ్చి ఉంటే నాకీ అవస్థ ఉండేది కాదు."

పొద్దున్నించీ కూర్చుకున్న మాట మేస్త్రీ గొంతు దాకా వచ్చింది. అయితే ముప్పై ఒక్క ఏళ్ళలో బయటివాళ్ళెవరూ అతనితో అలా అనలేదు. ఆ మెప్పు చేదుగానే ఉంది. అయినా ఉమ్మేయలేకపోయాడు.

"చేత్తో తిప్పి చూశానమ్మా," అన్నాడు చివరికి. "ఆ పాత మేస్త్రీ కూడా తిప్పేవాడే. తిప్పనిస్తే."

ఆవిడకి అర్థం కాలేదు. నవ్వి కారెక్కింది. అల్లుడు ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మేస్త్రీ గుడ్డని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, స్పానర్ల పెట్టె సైకిలుకి కట్టుకున్నాడు.

ఇంటి గుమ్మంలోనే భార్య అడిగింది: "చెప్పారా?"

"చెప్పాను."

"ఏమంది?"

"బాగా చేశానంది."

ఆమె ముఖం విప్పారింది. పెట్టె దింపి లోపల వెతికింది. "మరి నా గుడ్డేదీ?"

మేస్త్రీ జేబులు తడుముకున్నాడు.

మర్నాడు ఉదయం ఓ వ్యానులో ఆయిలు మట్టం చూడ్డానికి పుల్ల బయటికి లాగి, అల్లుడు గుడ్డ కోసం బల్ల మీద చెయ్యి చాచాడు. చేతికి అందిన ఎర్రగుడ్డతోనే తుడిచాడు. అంచు కుట్టిన గుడ్డ కావడంతో పుల్లకి ఒక్క పోగు కూడా అంటలేదు.