కూడు తీసిన తీసివేత

పలమనేరు పాల శీతలీకరణ కేంద్రం మేనేజరు గిరికి ఆ పూట ఏమీ పాలుపోలేదు. పాలేమో పోతూనే ఉన్నాయి. ట్యాంకులోంచి క్యాన్లలోకి, క్యాన్లతో బెంగుళూరు లారీలోకి. ఆఫీసు గదిలోని కంప్యూటరు మాత్రం పోయిన పాలు తిరిగొచ్చాయంటోంది!

ట్యాంకులో వెయ్యి లీటర్లు. కుళాయి తిప్పి నలభై లీటర్ల క్యాను నింపితే తెర మీద తొమ్మిది వందల అరవై. బాగుంది. రెండో క్యాను నింపగానే మళ్లీ వెయ్యి! మూడో క్యానుకు తగ్గింది, నాలుగో క్యానుకు నిండింది.

కుళాయి దగ్గర ఉండేది మునస్వామి ఒక్కడే. గిరి తేల్చేశాడు: వీడు ఒక క్యాను పాలు తీసి, ఇంకో క్యాను నీళ్లు పోస్తున్నాడు! నీళ్లు కలిపేవాడని ఒకసారి పేరు పడితే చుట్టుపక్కల ఏ డెయిరీవాడూ గేటు దాటనివ్వడు. మునస్వామికి పాలపని తప్ప వేరే పని రాదు.

ఆ తెర మీది లెక్క రాసింది గిరి అక్క కూతురు హేమశ్రీ. తిరుపతిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. సెలవుకొచ్చి, కంప్యూటరు లెక్క కావాలన్న మామ ముచ్చట తీర్చింది. ఆ పూటా ఆఫీసులో తెర ముందే కూర్చుంది. ఆమె వాడిన భాష పేరు ఏపీఎల్. రేషన్ కార్డు కాదు, క్రికెట్టు పోటీ కాదు, అంకెల వరుసను మొత్తంగా ఒక్క గుర్తుతో మింగేసే భాష. ట్యాంకులోని పాలు మొదట, తూకం ఎక్కిన ఒక్కో క్యానూ దాని వెనక. ఆ వరుస ముందు ఒక మైనస్, ఒక వాలుగీత పెడితే చాలు, ప్రతి క్యాను తర్వాతా మిగిలిందెంతో చెప్పేస్తుంది. వాలుగీత వాలుజడంత ముద్దొచ్చింది హేమశ్రీకి. ఒక్క క్యానుతో సరిచూసింది. సరిగ్గా వచ్చింది. సరే అనుకుంది.

గిరి మాత్రం ఆ తెర ట్యాంకులోకి తొంగి చూసి చెబుతోందనుకున్నాడు.

"ఏమప్పా మునస్వామీ, నీళ్లు యాడ దాచినావు?"

"కుండలో ఉండాయి సార్. దప్పికా?"

"ఎకసెక్కాలా? పాలల్లో పోసే నీళ్లు!"

మునస్వామి మొహం పాలిపోయింది. కొలబద్ద ట్యాంకులో ముంచి చూపించాడు. పాలు తగ్గే ఉన్నాయి.

"ఆ బద్ద నీ చేతిలోది. నేనెట్ల నమ్మేది?" అన్నాడు గిరి.

పాలు పరీక్షించే గ్రేసీ లాక్టోమీటరు ముంచి చూసింది. "చిక్కటి పాలు సార్. సుక్క నీళ్లు ల్యావు."

గిరి కళ్లు ఆమె వైపు తిరిగాయి. "నువ్వూ వాడూ పొద్దన్నే ఒకే బస్సు దిగినారు కదమ్మా?"

"ఆ టయానికి ఉండేదే ఒక బస్సు సార్!"

పాలు తోడుకోకుండా చల్లబరిచే కేంద్రంలో అనుమానం మాత్రం గడ్డపెరుగులా తోడుకుంది. గిరి నేరుగా పాలు పోయడానికి ఎదురుచూస్తున్న రైతుల వరుస ముందుకెళ్లి నిలబడ్డాడు.

"రేపట్నుంచి మునస్వామి రాడు. నీళ్లు కలిపే సెయ్యి మనకొద్దు!"

వరుసంతా మునస్వామిని చూసింది. అతను కుళాయి వదిలి గేటు బయటికి నడిచి, అక్కడ వెనక్కి తిరిగాడు.

"నన్ను తీసేసే ముందర ఇంకో రెండు క్యాన్లు తియ్యి సార్. నువ్వే తియ్యి. నేను ఈడే నిలబడతా, అందురూ సూస్తా ఉంటారు."

గిరి చొక్కా చేతులు మడిచి రెండు క్యాన్లు నింపాడు. ఆఫీసు కిటికీలోంచి హేమశ్రీ అరిచింది. "ఒకటికి తగ్గింది మామా... అయ్యో, రెండోదానికి మళ్లా వెయ్యికొచ్చింది!"

గిరి తన రెండు చేతులనూ అనుమానంగా చూసుకున్నాడు.

"గ్రేసీ, నువ్వు ఈడే ఉండావు కదా. నేను నీళ్లు పోసినానా?"

"ఏమో సార్. మీరేమన్నా మునస్వామన్నతో కలిసిపోయినారేమో!"

హేమశ్రీ గబగబా చిన్న అంకెలు కొట్టి చూసింది. పది, మూడు, రెండు. పది, ఏడు, అయిదు రావాలి. పది, ఏడు, తొమ్మిది వచ్చింది. నాలుక కరుచుకుని బయటికొచ్చింది.

"మామా, ఈ భాష కుడిపక్కనుంచి లెక్క కడతాది. ముందర మూడులోంచి రెండు తీసేస్తాది, ఒకటి మిగులుతాది. పదిలోంచి ఆ ఒకటే తీస్తాది. రెండో క్యాను ట్యాంకులోంచి కాకుండా మొదటి క్యానులోంచి పోయినట్టు!"

"అంటే?"

"ఒక క్యాను తీసేది, ఇంకో క్యాను కలిపేది. కలిపింది మునస్వామన్న కాదు, నేను. ఒక్క క్యానుతోనే సూసి వదిలేసినా. తీసివేత పెట్టకూడదు మామా, కూడాల. పోయిన క్యాన్లను ఒకదాని మీద ఒకటి కూడతా పోయి, ఆ మొత్తాన్ని వెయ్యిలోంచి తీయాల."

గేటు బయటినుంచి మునస్వామి గొంతు. "నా కూడు తీసేసినాక ఇప్పుడు కూడతావా తల్లీ?"

హేమశ్రీ తల దించుకుని లోపలికెళ్లి, మైనస్ తీసి ప్లస్ పెట్టి, వచ్చిన మొత్తాలను వెయ్యిలోంచి తీసింది. తెర మీద పాలు బుద్ధిగా తగ్గుతూ వచ్చాయి. కొలబద్ద చెప్పిన చోటికే దిగాయి.

"సరేలేప్పా, లోపలికి రా," అన్నాడు గిరి తేలిగ్గా.

మునస్వామి కదల్లేదు. "లోపల సెప్పేది నాకు. వరసలో వాళ్లకెవురు సెప్తారు?"

గిరి వరుస వైపు తిరిగాడు. ఆ పూట కేంద్రంలో నీళ్లంటూ ఉంటే గిరి నోట్లోనే ఉన్నాయి, బాగా నమిలాడు. "అదేందంటే... మైనస్... కంప్యూటర్లో మైనస్ ఒకటి..."

"మైనస్ ఎవురప్పా? యా ఊరు?" అంది ముందు నిలబడిన అక్కమ్మ. ఆవిడ కొడుకు లెక్కల టీచరు.

గిరి చెమట తుడుచుకున్నాడు. "మైనస్ కాదుమే. నేను. తెలుసుకోకుండా మునస్వామి మింద అబద్ధం సెప్పినాను. ఆయప్ప నీళ్లు కలపలా."

అక్కమ్మ పాలబిందె కింద పెట్టింది. "గెట్టిగా సెప్పు నాయనా. నీళ్లని సెప్పినప్పుడు వరస కడాకు ఇనపడింది. ఇది ఈడికే ఇనపడలా."

గిరి గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. వరుస చివరివాడు వినపడిందని చెయ్యెత్తేదాకా మునస్వామి గేటు బయటే నిలబడ్డాడు.