గీకని కొస

నీళ్ల మోటారు పొట్టలోకి మాస్టరు రాగి చుట్టను దూరుస్తున్నాడు. తీగలన్నీ ఒక్కసారిగా గాడిలోకి పోవు. ఒక్కొక్కదాన్నీ బుజ్జగించాలి. వెదురుబద్దతో మెల్లగా నొక్కి, అడుగున పరిచిన కాగితం చిరగలేదని చూసుకుని, మళ్లీ నొక్కాలి. తొందరపడి స్క్రూడ్రైవరుతో పొడిచిన వాళ్ల మోటార్లు కాలి కమురు కంపు కొడుతూ ఇదే బల్ల మీదికి తిరిగొస్తాయి. వీధిలో అందరూ అతన్ని వైండింగ్ మాస్టరు అంటారు. మాస్టరు అన్నారు కదా అని ఎవరికైనా పాఠం చెప్పాడనుకుంటే పొరపాటే. షాపులో ఒక మూల మోటార్లు, ఇంకో మూల అతను. చప్పుడంతా మోటార్లదే.

ఇవాళ మాత్రం అతని లోపల కూడా ఒకటే రొద. సాయంత్రం గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో బద్ద జారుతోంది.

ఇంట్లో అక్క ఉంది. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. ముక్కుకి గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషను, మిషనుకి గోడలో ప్లగ్గు. అక్క ప్రాణం ఆ వరసలో వేలాడుతోంది. అన్నం తినేటప్పుడు కాసేపు తీసినా ఫరవాలేదని డాక్టరు అన్నాడు. ఈమధ్య ఆ కాసేపు కూడా కుంచించుకుపోతోంది. అమ్మ పోయాక ఇతన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. నలుగురిలోకి పంపేటప్పుడు తల దువ్విందీ ఆమే, దువ్వెనతో నెత్తి మీద ఒకటి కొట్టిందీ ఆమే.

బావ సరుకు ఓడల్లో వంటవాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ల మీదే గడిచేవి. ఆ కాలంలో ఎక్కడో దూరపు రేవు నుంచి ఒక షార్ట్‌వేవ్ స్టేషను పొద్దువాలే వేళ ఓడల వాళ్ల కబుర్లు చదివేది. ముందు చిన్న వేణువు పాట. తర్వాత ఫలానా ఓడలోని ఫలానా ఆయన ఇంట్లోవాళ్లకి ఇలా చెప్పమన్నాడంటూ మొదలయ్యేది. బావ కబురు వచ్చింది ఒక్కసారే. "నేను బాగున్నాను. వంటింటి కిటికీ గడియ బాగు చేయించు, పిల్లి దూరుతుంది." ప్రపంచమంతా వినేట్టు పిల్లి సంగతి చెప్పాడని అక్క కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ తర్వాత ఒకసారి వెళ్లిన ఓడ తిరిగి రాలేదు. అక్క గడియ బాగు చేయించింది. రేడియో మూగబోయేదాకా ప్రతి సాయంత్రం ఆ వేణువు పాట విని, కబుర్లన్నీ అయ్యేదాకా కదలకుండా కూర్చునేది.

మంచం పట్టాక ఒకరోజు అడిగింది. "చిన్నోడా, ఆ పాట ఇంకా వస్తోందంటావా? ఒక్కసారి వినిపించరా." తమ్ముణ్ణి ఆమె నోరు తెరిచి అడిగింది జన్మకి అదొక్కటే.

కంప్యూటర్ల షాపువాడు చూపించిన వస్తువు చూసి మాస్టరుకి నవ్వొచ్చింది. బొటనవేలంత పుల్ల. దాన్ని ల్యాప్‌టాప్‌లో గుచ్చి, వెనక ఒక తీగ తగిలిస్తే రేడియోలో వచ్చేవన్నీ తెర మీద గీతలుగా కనిపిస్తాయట. ఏ గీత మీద నొక్కితే ఆ స్టేషను పలుకుతుందట. పైగా కారుచౌక. తీగకి అతనికేం కరువు? డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకి రాగి తీగ లాగి, కొసను కిటికీలోంచి గదిలోకి దింపాడు. కింది వాటా ఆవిడ మర్నాడే దాని మీద దిండు గలీబులు ఆరేసింది.

"అది రేడియో తీగమ్మా" అన్నాడు.

"నా గలీబులకే మీ రేడియో కుంగిపోతుందా అన్నయ్యా?" అంది ఆవిడ.

రోజూ ప్రయత్నించాడు. తెర మీద మసక నీలం, చెవిలో బరబర. అంతకు మించి ఏమీ లేదు. పుల్లని తిట్టాడు, గలీబులని తిట్టాడు, వాతావరణాన్ని తిట్టాడు. ఈలోగా ఆ స్టేషను వాళ్లు షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేస్తున్నామని ప్రకటించారు. ఇవాళ సాయంత్రమే ఆఖరుది. పొద్దున ఆ మాట చెబితే అక్క "పోన్లేరా" అంది. ఆ పోన్లే వినడం కంటే దువ్వెన దెబ్బ తినడం నయం.

చుట్టలు దూర్చడం అయింది. కొసలు కలపాలి. మాస్టరు బ్లేడు తీసుకుని ఒక కొస గీకాడు. ఈ రాగి తీగ మీద పలచని వార్నిషు పూత ఉంటుంది. దాన్ని గీకి తీయకపోతే తీగకి తీగ తగిలినా కరెంటు దాటదు. పనిలో చేరిన నాడు మొట్టమొదట నేర్చుకున్నది అదే.

బ్లేడు ఆగిపోయింది.

డాబా మీద కట్టిన తీగ కూడా ఈ రాగి కండెలోదే. దాని కొస గీకలేదు. తళతళలాడుతుంటే తిన్నగా తీసుకెళ్లి పుల్లకి బిగించేశాడు. బతుకంతా కొసలు గీకిన చెయ్యి అక్క పని దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయింది. ఇన్నాళ్లూ తప్పు తన చేతిలో పెట్టుకుని ఆకాశాన్ని ఆడిపోసుకున్నాడు.

"ఓనరుగారూ, నేను ఇంటికెళ్లాలి."

"మోటారు సగంలో వదిలేసా? మోటారు తెచ్చినాయన వచ్చి కూర్చున్నాడు చూడు."

"రేపు చేస్తాను. ఇవాళ కాదు."

ఓనరు ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి, "వెళ్లవయ్యా" అన్నాడు.

బ్లేడు చేతిలోనే ఉంది. వీధిలో ఎవరు పలకరించారో, ఎవర్ని గుద్దుకున్నాడో తెలియదు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుని కొస గీకాడు. ఎర్రటి రాగి బయటపడింది. బిగించాడు. తెర మీద నీలంలోంచి పసుపు గీతలు ఒకటొకటిగా లేచాయి.

"అక్కా, దొరికిందే!"

అక్క తల తిప్పి చూసింది.

కానీ ఆ స్టేషను ఉండాల్సిన చోట మందంగా ఒక పట్టీ కప్పేసి ఉంది. వింటే గర్రుమని ఒకటే గోల. ఇంట్లో నడిచే కరెంటు వస్తువేదో చేస్తున్న గోల అది. ల్యాప్‌టాప్ చార్జరు పీకాడు. ఫ్యాను కట్టేశాడు, లైటు కట్టేశాడు, ఫ్రిజ్ కట్టేశాడు. గోల తగ్గలేదు. గదిలో ఇంక నడుస్తున్నది ఒక్కటే. మాస్టరు దాని వంక చూసి చూపు తిప్పుకున్నాడు. అక్క అది కనిపెట్టింది.

"కట్టెయ్‌రా."

"వద్దక్కా."

"అన్నం తినేటప్పుడు కట్టెయ్యట్లా? ఇవాళ అన్నం మానేస్తాలే."

మాస్టరు స్విచ్చు మీద చెయ్యి వేశాడు. కట్టేశాడు.

పట్టీ మాయమైంది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దంలోంచి వేణువు వచ్చింది. సన్నగా, దూరంగా, మధ్యమధ్య మునిగి తేలుతూ. అక్క నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె మొహంలో, మాస్టరు చిన్నప్పుడెప్పుడో చూసి మరిచిపోయిన ఒక మనిషి కనిపించింది. పాట అయింది. అతను స్విచ్చు కోసం లేవబోయాడు. అక్క మణికట్టు పట్టుకుంది.

"ఉండరా... కబుర్లు చదువుతారు."

"చాలక్కా, నీ మాట వినను, చాలు."

తల అడ్డంగా ఊపింది. వేళ్లు వదల్లేదు. ఆ వేళ్లలో బలం ఎంతని? విదిలిస్తే ఊడొచ్చేవే. మాస్టరు విదిలించలేకపోయాడు. రేడియోలో ఎవరో పెద్దాయన నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్లూ ఓడల్లో ఉండి కబురు పంపినవారికీ, ఇళ్లలో ఉండి ఎదురుచూసినవారికీ నమస్కారాలన్నాడు. ఇవాళ చదవడానికి కబుర్లేమీ రాలేదన్నాడు. మళ్లీ వేణువు మొదలైంది. అది పూర్తయ్యేలోగా మణికట్టు మీది పట్టు దానంతటదే సడలింది.

మాస్టరు ఒక్క ఉదుటున స్విచ్చు వేశాడు. మిషను గుర్రుమంది. గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది. దాన్ని తీసుకునేవాళ్లు లేరు.

"అక్కా" అన్నాడు. భుజం పట్టి కుదిపాడు. "అక్కా, తిట్టవే, కొట్టవే." తన చేత్తోనే మిషను కట్టేశాడు. ఆ చెయ్యి నరికేసుకుందామనిపించింది.

మడిచిన గలీబులు పట్టుకుని కింది వాటా ఆవిడ పైకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమైందన్నయ్యా?"

"బావ కబురు చదువుతారని కూర్చుంది" అన్నాడు మాస్టరు.

ఆవిడ గలీబులు పక్కన పెట్టి, మిషను కట్టేసి, అక్క ముక్కు నుంచి గొట్టం తీసింది. ప్రసారం ముగిసి, తెర మీద ఆ స్టేషను గీత తెగిపోయి, కింద నీలమే మిగిలింది. మాస్టరు ఒక చేత్తో అక్క చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో పుల్లని ఊడబెరికి గుప్పిట మూశాడు. అక్క చెయ్యి చల్లబడుతోంది.

పుల్ల ఇంకా వెచ్చగానే ఉంది.