కుజుమి గారి కుర్చీ మోటారు

ముప్పై నాలుగేళ్ళు ఇళ్ళ కప్పులెక్కి టీవీ యాంటెన్నాలు బిగించినవాణ్ణి. ఒసాకాకు ఉత్తరాన మా విమానాశ్రయం చుట్టూ ఉన్న మూడు పేటల్లో ఉరబె అనే నేను ఎక్కని కప్పు లేదు. అందుకని, విమానాలు చూడ్డానికి ఏటి గట్టు మీద చేరే మా గుంపు నన్ను 'మాస్టారు' అని పిలిచేది. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ ఇష్టమే నా చేత ఈ పని చేయించింది.

గట్టు రన్‌వే చివరను ఆనుకుని ఉంటుంది. చక్రాలు మన టోపీ ఎగరేసుకుపోతాయేమో అన్నంత కిందుగా విమానం దిగుతుంది. అందరి చేతుల్లో చిన్న రేడియోలుంటాయి. పైలట్లూ, వాళ్ళకు దారి చెప్పే విమానాశ్రయం టవర్ వాళ్ళూ మాట్లాడుకునేది వింటూ, వచ్చేది ఏ విమానమో ముందే కనిపెట్టి కెమెరాలు ఎత్తుతాం. మా దేశంలో వినడం తప్పు కాదు, విన్నది బయట చెప్పడమే తప్పు. కాబట్టి వాళ్ళేం మాట్లాడుకున్నారో ఇక్కడ కూడా చెప్పను.

గట్టు మీద మాకు ఒకటే ఇబ్బంది. నెత్తి మీది విమానం గొంతు ఖంగుమని వినిపిస్తుంది. టవర్ గొంతు మాత్రం, మధ్యలో పెద్ద విమానాల షెడ్డు అడ్డం ఉండబట్టి, ఎవరో దుప్పటి ముసుగులోంచి గొణిగినట్టుంటుంది. సగం మాటలు వింటే ఏం సుఖం? అందుకే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే యాంటెన్నాలు చేసి ఇచ్చాను. అరవై సెంటీమీటర్ల తీగ ఒకటి నిలువుగా, దాని కింద గొడుగు ఊచల్లా వాలుగా నాలుగు తీగలు. అంతే. రేడియోతో పాటు వచ్చే ఆ పొట్టి రబ్బరు తోక పీకి పారేసి, ఈ తీగను వీలైనంత ఎత్తున పెడితే సగం రోగం నయమవుతుంది. చేపల కొట్టు బందో దాన్ని వెదురుగడకు కట్టుకుని గట్టంతా ఊరేగేవాడు.

"మాస్టారూ, టవర్ అమ్మాయి నా చెవి పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుందండీ. మా ఆవిడ చూసిందా, గడతో సహా నన్ను ఏట్లో పారేస్తుంది."

"మీ ఆవిడ దాకా ఎందుకు? నీ చేపల కంపు అటు కొట్టిందంటే ఆ అమ్మాయే టవర్ దిగి పారిపోతుంది" అన్నాను. అందరూ నవ్వారు. నేను ఏమన్నా నవ్వేవాళ్ళు అప్పట్లో.

వీళ్ళందరికంటే నాకు బాగా వినపడాలి కదా, మాస్టారినయ్యాక! గట్టుకు మూడు వీధుల అవతల మా ఇల్లు. కిందటి శరదృతువులో పెరట్లో సామాన్ల గది సర్దుతుంటే, సన్నటి సిగ్నల్‌ను పెద్దది చేసే పాత టీవీ బూస్టర్ ఒకటి బయటపడింది. దాన్ని విప్పి, లోపలి తీగచుట్టలు సాగదీసి, విమానాల మాటలకు సరిపడేట్టు మార్చి, కప్పు మీద గడకు యాంటెన్నా పక్కనే బిగించాను. దాన్నుంచి గదిలోకి దింపిన తీగను రేడియోకు తగిలించగానే టవర్ మాట అద్దంలా వచ్చింది. పక్క జిల్లా టవర్ కూడా పలికింది.

"ఏమైందండీ, ఈ వయసులో ఆ గంతులేమిటి? మెట్లు విరుగుతాయి" అని కింద నుంచి మా ఆవిడ నొబుఎ అరిచింది.

నాకో అలవాటుంది. మధ్యాహ్నం భోజనం కాగానే రేడియోకున్న తీగ పీకేసి, రేడియో జేబులో వేసుకుని గట్టుకు వెళ్తాను. తీగ చివర బల్ల మీద ఊరికే పడి ఉంటుంది. బూస్టర్ కరెంటు మాత్రం ఆపను. బూస్టర్ ఎవరు ఆపుతారు? "దీని ప్లగ్గు ముట్టుకోకండమ్మా, ఏడాది పొడుగునా ఇలా ఉండాల్సిందే" అని ముప్పై నాలుగేళ్ళు ఇంటింటా చెప్పిన నోరిది.

వారం తిరిగేసరికి గట్టు మీద రొద మొదలైంది. సరిగ్గా టవర్ మాట్లాడే ఫ్రీక్వెన్సీ మీదే 'గుర్ర్' మని, పిల్లి గురక పెట్టినట్టు. టవర్ గొంతు అందులో మునిగిపోయేది. మేం చేరే వేళ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, రోజూ అదే వరస. నేను ఇంటికెళ్ళి తీగ తగిలించి వింటే రొద జాడే లేదు. ఇంట్లో లేదు, గట్టు మీద ఉంది, కాబట్టి దొంగ గట్టు మీదే ఉన్నాడని తేల్చాను. లెక్కలో తప్పేమీ కనిపించలేదు.

ఆ నెలలోనే గట్టు మీదకు కొత్తగా వచ్చినాయన కుజుమి గారు. విమానాశ్రయం బస్సు నడిపి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది, మాట కూడబలుక్కుని వస్తుంది. మోటారు కుర్చీలో గట్టు వాలు ఎక్కి వస్తారు, పక్కన ఆయన భార్య సుమిఎ గారు నడుస్తారు. కెమెరా లేదు. పాత రేడియో ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటారు. రోజు మొత్తంలో ఆయన గడప దాటేది ఆ మూడు గంటలే.

మోటారు ఉన్న ప్రతిదీ రేడియోలో రొద చేస్తుందని మా వృత్తిలో పసివాడికి కూడా తెలుసు. ఒకరోజు అందరూ ఉండగానే లేచాను.

"కుజుమి గారూ, ఏమీ అనుకోకండి. ఈ రొద మీ కుర్చీదే. మీవల్ల ఇంతమందికి ఏమీ వినపడ్డం లేదు. కాస్త ఆ వంతెన అవతలకి వెళ్ళి కూర్చుంటే బాగుంటుంది."

ఆయన మొహం ఎర్రబడింది. కూర్చున్న చోటి నుంచే నడుం వంచారు. "క్ష... క్షమించండి. నాకు... తెలియలేదు."

సుమిఎ గారు కూడా మాలో ఒక్కొక్కరికీ విడివిడిగా వంగి క్షమాపణ చెప్పింది. ఇద్దరూ వంతెన అవతలకు వెళ్ళారు. రొద తగ్గలేదు. ఇంకొంచెం దూరం జరగమన్నాను. ఇంకొంచెం జరిగారు.

మర్నాడు వాళ్ళు వచ్చిన తీరు నా కళ్ళలోంచి పోదు. కుర్చీ బ్యాటరీ ఇంట్లో తీసి పెట్టేసి, డెబ్బై ఏళ్ళ ఆవిడ ఆ ఇనుప కుర్చీని మనిషితో సహా వాలు మీద తోసుకుంటూ వస్తోంది. నాలుగడుగులు తోసి, చక్రానికి కాలు అడ్డం పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తోస్తోంది. పైకి చేరాక, చెమట తుడుచుకోకుండానే నన్ను అడిగింది.

"ఇప్పుడు ఎలా ఉంది, మాస్టారూ?"

రొద అలాగే ఉంది. "ఇప్పుడు చాలా నయం" అన్నాను.

"అవునవును, బాగా తగ్గింది" అని బందో అందుకున్నాడు. మాస్టారు తగ్గిందన్నాక వినేవాళ్ళకు కూడా తగ్గినట్టే వినపడుతుంది మరి. ఆవిడ నాలుగు రోజులు అలా తోసింది. అయిదో రోజు నుంచి వాళ్ళు రావడం మానేశారు.

రొద మానలేదు. ఎందుకు మానలేదని ఎవరైనా అడిగేలోపే జవాబు సిద్ధం చేసుకున్నాను. గట్టు కిందనే వాళ్ళ ఇల్లు, పైనుంచి కనపడుతుంది. "చార్జర్ కూడా రొద చేస్తుందయ్యా, ఇంట్లో బ్యాటరీ చార్జింగ్ పెడుతున్నారు కదా" అన్నాను. అందరూ ఆ ఇంటి వైపు చూసి తలలూపారు.

ఇంతలో దిగే విమానాల పైలట్లు కూడా రొద సంగతి ఫిర్యాదు చేసినట్టున్నారు. ఒక మధ్యాహ్నం ప్రభుత్వ రేడియో శాఖ నుంచి ఇద్దరు వచ్చారు, రొద ఎటు నుంచి వస్తోందో వెదికే యాంటెన్నా చేతుల్లో పట్టుకుని. నేను ఎదురెళ్ళాను. కుర్చీ సంగతీ చార్జర్ సంగతీ విడమర్చి చెప్పాను. వాళ్ళలో పెద్దాయన మర్యాదగా "అలాగా" అని రాసుకుని, యాంటెన్నా తిప్పి చూసి, గట్టు కింది ఇంటి వైపు కాకుండా పేట వైపు నడిచాడు.

"ఈ పేటలో ప్రతి కప్పూ నాకు తెలుసు, దారి చూపిస్తాను రండి" అని నేనే ముందు నడిచాను. మొదటి వీధి దాటాం. 'ఈ యాంటెన్నా నేను పెట్టిందే, ఆ గడ నేను నిలబెట్టిందే' అని చెప్పుకుంటూ నడిచాను. రెండో వీధి దాటాం. మూడో వీధి మలుపులో ఆయన ఆగి, మా ఇంటి కప్పు వైపు యాంటెన్నా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఎవరిల్లండీ?"

నాదేనని చెప్పి తలుపు తట్టాను. తలుపు తెరిచిన నొబుఎ, "ఎవరండీ వీళ్ళు? ముందే చెబితే టీ పెట్టేదాన్ని కదా" అంది.

పైకి వెళ్ళాం. బల్ల మీద తీగ చివర పడి ఉంది. పెద్దాయన నా రేడియో అడిగి తీగకు తగిలించాడు. రెండోవాడి చేతిలోని యంత్రంలో రొద ఆగింది. పీకాడు. మొదలైంది. అలా మూడుసార్లు చేశాడు. "తీగ చివర ఏమీ లేకుండా వదిలేస్తే ఇలాంటి బూస్టర్ తనంతట తనే కూయడం మొదలుపెడుతుందండీ. తెలియక చాలామంది చేసే పనే" అన్నాడు మెత్తగా.

తెలియకపోవడమేమిటి? ఈ సంగతి పాతికేళ్ళ కిందట నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు పాఠం చెప్పింది నేనే. నేను ఇంట్లో ఉంటే తీగకు రేడియో ఉంటుంది, రొద ఉండదు. నేను గట్టుకు బయల్దేరితే రొద బయల్దేరుతుంది. దొంగ గట్టు మీదే ఉన్నాడన్న నా లెక్క నిజంగానే తప్పు కాలేదు.

కాగితం మీద సంతకం పెట్టించుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. నొబుఎ బూస్టర్ ప్లగ్గు పీకి నా ముందు పెట్టింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. పోనీ వెతికితే వెతికారు. ఆ కాలు కదలని మనిషిని ఎందుకండీ అన్నారు?"

మర్నాడు గట్టు మీద టవర్ గొంతు తేటగా వచ్చింది. బందో నా వీపు చరిచాడు. "మాస్టారూ, మీరన్నదే నిజమైంది! శాఖ వాళ్ళు కుజుమి గారి చేత చార్జర్ మార్పించి ఉంటారు. ఏం, మీరు దగ్గరుండి చూపించారు కదా?"

"వాళ్ళు కనుక్కున్నది బయట చెప్పకూడదయ్యా" అన్నాను. విన్నది బయటపెట్టకూడదన్న మా నియమం అలా నాకు ముసుగుగా పనికొచ్చింది. అందరూ మెచ్చుకోలుగా చూశారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పది రోజులు అలాగే కూర్చున్నాను. రేడియోలో గొంతు ఎంత శుభ్రంగా వస్తే నాకు లోపల అంత కుళ్ళుగా అనిపించేది.

పదకొండో రోజు నొబుఎ బియ్యప్పిండి మిఠాయిల పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది వాళ్ళింట్లో ఇచ్చేదాకా మన ఇంట్లో అన్నం దొరకదు" అంది.

వెళ్ళాను. గుమ్మంలో నేను నోరు తెరవకముందే కుజుమి గారు కుర్చీలోంచి నడుం వంచారు.

"రొద... పోయిందటగా. బందో చెప్పాడు. మంచి... మంచిదైంది."

"చార్జర్ కూడా రొద చేస్తుందని విన్నాక, బ్యాటరీ ఇప్పుడు ఏటి అవతల మా చెల్లెలింట్లో చార్జింగ్ పెడుతున్నామండీ. బండిలో పెట్టుకుని నేనే తీసుకెళ్ళి తెస్తున్నాను. మీకెవరికీ ఇబ్బంది ఉండదిక" అంది సుమిఎ గారు, తానేదో తప్పు దిద్దుకున్నట్టు.

చాప మీద మోకాళ్ళ మీద కూలబడి తల నేలకు ఆనించాను. చెప్పాల్సిందంతా అలాగే నేల వైపు చూస్తూ చెప్పాను. తీగ, బూస్టర్, 'ఇప్పుడు చాలా నయం' అన్న అబద్ధం, పది రోజుల మౌనం.

"నాలుగు రోజులు తోశాను" అంది సుమిఎ గారు. "తోసిందానికి నాకు బాధ లేదు. దారంతా ఈయన నాకు క్షమాపణ చెబుతూనే ఉన్నారు. అదీ నా బాధ. మీరు అందరి ముందూ అన్నారు కదండీ. ఇక్కడికొచ్చి మా చాపకు చెబితే ఏం లాభం?"

కుజుమి గారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపారు. "రేపు" అన్నారు. "అందరూ... ఉండే వేళకి."

మిఠాయిల పెట్టె వాళ్ళు విప్పలేదు. వెనక్కీ ఇవ్వలేదు.

మర్నాడు రెండు గంటలకు గట్టు కింద నిలబడ్డాను. బ్యాటరీ పెట్టుకుని వచ్చారు కుజుమి గారు. "నేను తోస్తానండీ" అన్నాను. "అక్కర్లేదు. దీనికి... మోటారుంది" అన్నారు. కుర్చీ 'జుయ్' మంటూ వాలు ఎక్కింది. వెనకాల సుమిఎ గారు, ఆవిడ వెనకాల నేను.

మమ్మల్ని చూసి బందో గడ పక్కకు లాక్కున్నాడు. "మాస్టారూ, ఇదేమిటి? ఈయన్ని మళ్ళీ ఇక్కడికి..."

కుజుమి గారు కుర్చీని తిన్నగా గుంపు మధ్యలోకి పోనిచ్చి, అందరి రేడియోల ముందు నుంచి అటు వెళ్ళారు, ఇటు వచ్చారు. అలా మూడుసార్లు. మోటారు తిరుగుతూనే ఉంది. ప్రతి రేడియోలోనూ టవర్ అమ్మాయి గొంతు మంచినీళ్ళలా తేటగా వచ్చింది.

బందో తన రేడియో వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. "మరైతే అన్నాళ్ళూ ఆ రొద ఎవరిది?"

"నాది" అన్నాను. "మా ఇంటి కప్పు మీది బూస్టర్‌ది. ఆ కుర్చీ ఎప్పుడూ ఏ రొదా చేయలేదు. నాకు తెలిసి పన్నెండు రోజులైంది. తెలిసీ మీకు చెప్పలేదు."

ఒక విమానం మా నెత్తి మీదుగా దిగింది. ఎవరూ కెమెరా ఎత్తలేదు. తిడతారేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. బందో వెదురుగడను కుజుమి గారి కుర్చీ పక్కన నేలలో గుచ్చి, దాని తీగను ఆయన పాత రేడియోకు తగిలించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఉరబె గారూ, కాస్త పక్కకి జరగండి. మీరు అడ్డం తొలిగితే ఆయనకి టవర్ బాగా వినపడుతుంది."

జరిగాను.