దోపని అంచు

నేను ఒక దోమతెరను. నాలుగు మూలలా నాలుగు నాడాలు, అడుగున గళ్ల గుడ్డ అంచు. యానాం బజారులో దర్జీ నన్ను కుట్టిచ్చిన రోజునే సోమేశంగారి పందిరిమంచం ఎక్కాను. ఆ మంచం మీదే నాకు కాస్త ఫ్రెంచి అబ్బింది. నవ్వకండి, ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు మాది.

సోమేశంగారు ఫ్రెంచి సైన్యంలో చేసి ఇల్లు చేరిన మనిషి. పగలంతా తెలుగే. పక్క ఎక్కేవేళకు మాత్రం దొర అయిపోయేవారు. భార్య మాణిక్యాంబ ముందుగా లోపలికి వెళ్లి తన వైపు అంచు పరుపు కింద దోపుకునేది. ఆయన దీపం ఆర్పి, చివరగా వచ్చి, తన వైపు దోపేవారు. ఆ ఇంటి ఆనవాయితీ అది. దోపుతూ పాఠం మొదలుపెట్టేవారు.

"జ మ కూష్. అంటే పడుకుంటున్నాను అని. ఏదీ, అను?"

"మీ దొరల భాష దోమలకి చెప్పుకోండి. నాకు నిద్దరొత్తంది."

"పోనీ ఇదొక్కటి. బోన్ న్యుయి, ఆ దమాఁ. హాయిగా పడుకో, రేపు కలుద్దాం. ఒక్కసారి అనొచ్చు కదే!"

ఆవిడ అటు తిరిగి పడుకునేది. ఆయన నిట్టూర్చేవారు. మర్నాడు మళ్లీ అదే పాఠం. ఆ మాట భార్య నోట వినాలని ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. వినకుండానే పోయారు.

అప్పటి నుంచి ఆయన వైపు అంచు ఎవరూ దోపలేదు. దోమలు దర్జాగా వచ్చిపోతున్నాయి. దోమతెరగా నా పరువు గంగలో కలిసింది. అయినా ఏం చేయను, ఆయన బొటనవేలితో నన్ను నొక్కి దోపే తీరు నాకూ గుర్తొస్తూనే ఉంటుంది.

మొన్న వేసవిలో మనవరాలు నీలోత్పల వచ్చింది. దానికి బడిలో ఫ్రెంచి ఉంది. నిద్రపోయే ముందు ఏమేం చేస్తామో ఫ్రెంచిలో చెప్పమన్నారట. సాయంత్రం మంచం మీద కూర్చుని "జ మ... జ మ..." అంటూ ఆగిపోయింది.

"కూష్," అంది మాణిక్యాంబ, జడ విప్పుకుంటూ. "దీపం ఆర్పుతానంటే జేతేఁ లా లాంప్. దోమతెర దించుతానంటే జ బెస్ లా ముస్తికేర్."

పిల్ల నోరు తెరిచింది. "మామ్మా! నీకు ఇదంతా వచ్చా? నీకు ఒక్క ముక్కా రాదనేవారే తాతయ్య, మరి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదేంటి?"

"వచ్చేసిందంటే పాఠం ఆపేత్తారు కదే. రోజూ 'రేపు కలుద్దాం' అని నాకెవరు చెప్తారు?" ఆవిడ విప్పుతున్న జడ వదిలేసింది. "ఒక్కసారన్నా అనాల్సింది. ఎంత ఆశపడ్డారో."

పక్క వేసి, నన్ను దించి, నీలోత్పల ఆయన వైపు అంచు దోపబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యవే. అది మీ తాతయ్య దోపే వైపు."

పిల్ల దీపం ఆర్పి వెళ్లాక ఆవిడ ఆ వైపు తిరిగి, చాలా మెల్లగా అంది: "బోన్ న్యుయి. ఆ దమాఁ."

నా అంచు కొంచెం కదిలింది. గాలేనని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా కాస్త లోపలికి జరిగి చోటిచ్చింది.