వెలుగుల జింక

కిటికీల ఫ్యాక్టరీవాళ్ళ క్రిస్మస్ పార్టీకి రానని సిర్కు నవంబరులోనే చెప్పేసింది. "కాసేపు కనబడి పో అక్కా, లేకపోతే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు" అని అక్కడ తనతో పనిచేసే రైసా బతిమాలింది. అలా కాసేపు కనబడడానికి వచ్చిన మనిషి, ఐదున్నరకి కారు పక్కన నిలబడి పళ్ళు నూరుకుంటోంది.

బయట మైనస్ ముప్పై ఒకటి. ఇంత చలిలో కారుకి తీగ తగిలించి, ఆవరణలో ఉన్న స్తంభం నుంచి కరెంటు ఇస్తూ ఉంటేనే ఇంజిన్ కదులుతుంది. మూడింటికి తన చేత్తోనే తగిలించింది. ఇప్పుడా తీగ మంచులో చచ్చిన పాములా పడి ఉంది. దాని చోట ఇంకో తీగ. అదెక్కడికి పోతోందా అని చూస్తే, గేటు పక్కన నిలువెత్తు జింక! ఒళ్ళంతా బల్బులు. కొమ్ములు కూడా మిణుకుమంటున్నాయి.

తాళం తిప్పింది. కారు ముసలి దగ్గు దగ్గి ఊరుకుంది.

ఏడింటికి చెల్లెలు వూక్కో రైలు దిగుతుంది. నాలుగేళ్ళ తర్వాత! అమ్మ పోయాక, పాత గుడ్డలతో తివాచీలు నేసే ఆవిడ మగ్గం దగ్గర మొదలైంది తగవు. మగ్గం సిర్కు తెచ్చుకుంది. వూక్కో కోపంతో, పోగుని అటూ ఇటూ నడిపే నాడె పట్టుకుపోయింది. అప్పట్నుంచి ఈవిడా నేసింది లేదు, ఆవిడా నేసింది లేదు. మొన్న ఫోన్‌కి రెండు ముక్కలు వచ్చాయి: "శుక్రవారం ఏడింటికి దిగుతా. నువ్వు లేకపోతే ఏడుంపావు బండికి వెనక్కి పోతా."

ఆ స్టేషన్‌లో వెచ్చని గది కాదు కదా, పలకరించే మనిషి కూడా ఉండడు.

సిర్కు జింక తీగ పీకి పారేసి, తన తీగ గుచ్చింది. జింక ఆరిపోయింది. ఇంజిన్ వేడెక్కడానికి గంట, దారికి ఇరవై ఐదు నిమిషాలు. సరిగ్గా సరిపోతుంది, ఎవరూ ముట్టుకోకపోతే. స్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

ఆరింటికి తలుపు తెరుచుకుని అందరూ బిలబిలా బయటికొచ్చారు. ముందు మేనేజరు ఒస్మో, నెత్తిన ఎర్ర టోపీ, చేతిలో గ్లాసు.

"ఫోటోకి రండర్రా! అరే, జింకేది?"

"అక్కడే ఉంది. కరెంటు నేనే పీకాను" అంది సిర్కు.

"అదేంటి తల్లీ! ఐదు నిమిషాలు ఇటివ్వు, ఫోటో తీసి మళ్ళీ నీకే పెడతాను."

"ఇందాక నా తీగ పీకినప్పుడూ ఐదు నిమిషాలే అనుకుని ఉంటారు."

"ఇంకో స్తంభం చూసుకోవచ్చు కదా?"

"డ్యూటీ అయ్యాక మిగతా వాటికి కరెంటు ఆపించింది ఎవరు, ఒస్మో గారూ? మీరే కదా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. రైసా గొంతు తగ్గించి అడిగింది. "ఆలస్యమవుతుందని మీ చెల్లెలికి ఫోన్ చెయ్యకూడదా అక్కా?"

"ఆలస్యమన్న మాట దానికి నా నోటినుంచి వినబడితే చాలు, అది బండెక్కి పోతుంది."

"టాక్సీ?"

"ఊళ్ళో ఉన్నవి రెండు. రెండూ ఇలాంటి పార్టీలకే తిరుగుతున్నాయి. మీలో తాగని వాళ్ళుంటే చెప్పండి, వాళ్ళ కారులో పోతాను."

అందరూ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఒస్మో తీగ మీద చెయ్యి వెయ్యబోయాడు. "మా చెల్లెల్ని మీ జింక లాక్కొస్తుందా?" అని సిర్కు అడ్డం నిలబడింది. ఒస్మో ఆవిడ మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కానీండర్రా, ఫోన్ లైట్లు వెయ్యండి" అన్నాడు నీరసంగా. చీకటి జింక చుట్టూ నిలబడి, దొంగల్లా ఫోటో తీయించుకున్నారు.

ఆరున్నర దాటాక తాళం తిప్పింది. కారు ఒకసారి మూలిగింది. రెండోసారి అందుకుంది.

స్టేషన్ చేరేసరికి ఏడు దాటి ఎనిమిది నిమిషాలు. దీపం కింద వూక్కో గంతులేస్తోంది, కనురెప్పల మీద తెల్లగా మంచు.

"ఎనిమిది నిమిషాలు! ముక్కు ఊడి పడేది నాకు."

"జింక వల్లే."

"ఢీకొట్టావా?"

"లేదు, కరెంటు పీకాను."

వూక్కో అక్కని ఎగాదిగా చూసింది. పట్టాల మీద దూరంగా వెనక్కి వెళ్ళే బండి దీపం కనబడుతోంది. దానివైపు తల కూడా తిప్పకుండా సంచీ వెనక సీట్లో పడేసి ముందు కూర్చుంది. సంచీలోంచి నాడె మొన బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ముందు వేడి పెట్టవే. పోట్లాట తర్వాత" అంది.